చెవికి ధ్వని, చేతికి అక్షరము
(పంచాయతీ సభ్యుల అధ్యయనమునకు ఒక పాఠము)

రోడ్డు, మంచినీరు, మురుగు కాలువ, వీధిదీపము - ఈ నాలుగింటిని గూర్చి మన పంచాయతీ సభ్యులు ఎంత శ్రద్ధ వహింతురో అందరికిని తెలిసినదే. ఇవి కంటికి కనబడు పనులు. చేసినచో ఊరివారు మెచ్చుకొందురు, చేయనిచో నిలదీసి అడుగుదురు. కంటికి కనబడని పని మరియొకటి గలదు. ఊరిలోని అయిదారేండ్ల బిడ్డ అక్షరమును చూచి, ధ్వనిని పలికి, మాటను గ్రహించుటయే ఆ పని. అది జరుగలేదని గ్రామసభలో నిలదీయువారు సాధారణముగా ఉండరు. బిడ్డ మూడవ తరగతి దాటిన పిమ్మట గాని లోపము బయటపడదు. అప్పటికి పాఠములు ముందుకు సాగిపోయి యుండును. బిడ్డ వెనుకబడి యుండును.

ఇటీవల మేము బాపట్ల జిల్లాలో పర్యటించుచు, చీరాలతో కలిసిపోయిన పేరాలలో ఒక చేనేత కుటుంబము వారి ఇంటికి వెళ్ళితిమి. ఇంటిలో మగ్గము ఆడుచున్నది. వసారాలో ముసలమ్మ కండెలు చుట్టుచున్నది. మూడవ తరగతి చదువుచున్న మనుమరాలు గడపమీద కూర్చుండి, మేము అడుగగనే అ నుండి ఱ వరకు ఊపిరి తీయకుండ వల్లించినది. మేము సంతోషించి పలకమీద 'గడప' అని వ్రాసి, ఇది ఏమి మాటయని ప్రశ్నించితిమి. బాలిక మొదటి అక్షరముపై వ్రేలుంచి, పెదవులు కదలించుచు 'క, ఖ, గ' యని లెక్కించుకొని 'గ' అన్నది. రెండవ అక్షరమునకు మరల 'క' నుండి బయలుదేరినది. 'ప' యొద్దకు చేరునప్పటికి మొదటి రెండింటిని మరచిపోయినది. ఆమె కూర్చున్నది గడపమీదనే. అయినను ఆ మాట ఆమెకు అందలేదు.

ముసలమ్మ కండె ఆపి, "మాకు అక్షరమ్ముక్క రాదు బాబూ. బడిలో చెప్పాలి గాని మేమేం చెప్తాం?" అన్నది.

ఆ మాటకు జవాబు చెప్పుటకే ఈ పాఠము వ్రాయుచున్నాము. అక్షరము రాని ఇంటిలో కూడ చదువునకు పునాది వేయవచ్చును. దానికి కావలసిన పనిముట్లు కొనవలసినవి కావు. గుప్పెడు ఇసుక, పిడికెడు మట్టి, నూలుపోగుల తుంపులు, పాత అట్టపెట్టె చాలును. చేయు క్రమము మాత్రము తెలిసియుండవలెను.

లోపమెక్కడ నున్నది?

తెలుగు లిపికి ఒక గొప్ప సౌలభ్యము గలదు. ఇంగ్లీషులో అక్షరము పేరు వేరు, దాని ధ్వని వేరు. 'బి, ఏ, టి' యని మూడు పేర్లు చెప్పినంత మాత్రమున 'బ్యాట్' అను మాట రాదు. తెలుగులో 'ప' అక్షరము పేరును 'ప'యే, ధ్వనియు 'ప'యే. 'ప, ల, క' యని వెంట వెంట పలికినచో 'పలక' యే యగును. ఇంత సులభమైన లిపి చేతిలో నుండగా మన పిల్లలేల తడబడుచున్నారు?

కారణములు రెండు. మొదటిది, అక్షరములను ఒక్కొక్కటిగా గాక గొలుసుగా నేర్పుట. అ ఆ ఇ ఈ లు పాటవలె నోటికి వచ్చును. పాటలో ఒక మాటను మధ్యనుండి అందుకొనుట ఎట్లు కష్టమో, గొలుసులో ఒక అక్షరమును విడదీసి గుర్తించుటయు అట్లే కష్టము. పేరాల బాలిక ప్రతిసారి 'క' నుండి బయలుదేరుటకు ఇదియే కారణము.

రెండవది గుణింతము. 'కకు దీర్ఘమిస్తే కా, కకు గుడిస్తే కి' యని వల్లించుటలో గుడి, కొమ్ము, ఏత్వము అనునవి గుర్తుల పేర్లే గాని ధ్వనులు కావు. అక్షరములకు లేని చిక్కును మనమే గుర్తులకు తెచ్చిపెట్టుచున్నాము. బిడ్డ గుర్తు పేరు చెప్పును. ధ్వని మార్పును వినడు. 'కి' తెలిసినవాడు 'మి'ని చదువలేకపోవుట మనము చూచుచునే యున్నాము.

కావున వల్లించుట చెడ్డదని కాదు. అది అక్షరముల వరుసను జ్ఞాపకముంచుటకు పనికివచ్చును; నిఘంటువు చూచుటకును ఉపకరించును. అయితే చదువుట అనునది వేరొక విద్య. దానికి చెవి, కన్ను, చేయి మూడును కలిసి పనిచేయవలెను.

ఇసుక చదువు మనదే

చేతితో తడిమి అక్షరము నేర్చుట మనకు కొత్తది కాదు. అక్షరాభ్యాసము నాడు పళ్ళెములోని బియ్యముపై బిడ్డ వ్రేలు పట్టి దిద్దించుట నేటికిని మన ఇండ్లలో గలదు. 'ఓం నమః శివాయ' యని దిద్దించుటనుండియే 'ఓనమాలు' అను మాట పుట్టినది.

1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో రాజధానిలోని బడులను గూర్చి విచారింపవలసినదని ఉత్తరువిచ్చెను. బళ్ళారి కలెక్టరు ఏ. డి. కాంబెల్ 1823 ఆగస్టులో తన నివేదికను సమర్పించెను. ఆ జిల్లాలో 533 బడులు గలవనియు, వానిలో 226 తెలుగు బడులనియు ఆయన లెక్క చెప్పెను. పిల్లలు నేలపై పరచిన ఇసుకలో వ్రేలితో వ్రాయుచు అక్షరములు నేర్తురనియు, యూరపులోవలె ముందుగా వర్ణమాలను వల్లించుట లేదనియు వర్ణించెను. ఇసుకలో చేయి తిరిగిన పిమ్మటనే తాటాకుపై గంటము గాని, కాగితముపై రెల్లుకలము గాని పట్టించెడివారు.

ఈ ఇసుక చదువు సముద్రములు దాటినది. 1789లో మద్రాసు ఎగ్మూరులోని సైనికుల అనాథ బాలుర శరణాలయమునకు పర్యవేక్షకుడైన ఆండ్రూ బెల్ అనునతడు దేశీయ బడిలో పిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి, ఆ పద్ధతిని తన బడిలో ప్రవేశపెట్టెను. 1797లో లండనులో దానిని గూర్చి పుస్తకము ప్రకటించెను. అది 'మద్రాసు పద్ధతి' యను పేర ఇంగ్లండులోని వేలాది పేదపిల్లల బడులకు ప్రాకినది.

1907లో ఇటలీ దేశపు వైద్యురాలు మరియా మాంటిస్సోరి రోము నగరములో పేదల పేటలో ఒక శిశుగృహమును ప్రారంభించిరి. అందులో గరుకు కాగితముతో కత్తిరించిన అక్షరములను పిల్లలు రెండు వ్రేళ్ళతో తడుముచు ధ్వనిని పలికెడివారు. ఆమె 1939లో మద్రాసులోని అడయారుకు వచ్చి, రెండవ ప్రపంచయుద్ధ కాలమంతయు మన దేశముననే యుండి వందలాది ఉపాధ్యాయులకు శిక్షణ యిచ్చిరి. వీధిబడి ఇసుకకును, ఆ గరుకు కాగితమునకును సూత్రమొక్కటే. వ్రేలు తెలిసికొన్న ఆకారమును కన్ను సులభముగా మరువదు.

అయితే పాత వీధిబడిని పొగడి ఊరకుండుట తగదు. ఆ కాంబెల్ నివేదికయే మరియొక సంగతి కూడ చెప్పినది. పిల్లలు పద్యములను చిలుకలవలె అప్పగింతురే గాని అర్థమెరుగరని ఆయన వ్రాసెను. అనగా వ్రేలికి చెప్పిన చదువు బాగున్నది. మాటతో ముడిపెట్టుట లోపించినది. మనము నిలుపుకొనవలసినది మొదటి దానిని, సరిదిద్దవలసినది రెండవ దానిని.

మొదటి మెట్టు: చెవి

అక్షరము చూపకముందే ధ్వనితో ఆడించవలెను. నాలుగేండ్లు వచ్చిన బిడ్డతో ఈ ఆటలు మొదలుపెట్టవచ్చును.

మాటను చప్పట్లతో విడదీయుట మొదటి ఆట. 'ప-ల-క' యనుచు మూడు చప్పట్లు. 'పి-ల్లి' యనుచు రెండు. బిడ్డ పేరు, తోబుట్టువుల పేర్లు, ఇంటి వస్తువుల పేర్లు ఇట్లే విడదీయించవలెను.

మొదటి ధ్వనిని పట్టుట రెండవ ఆట. "మన వంటింట్లో 'ప'తో వచ్చేవి ఏమున్నాయి?" అని అడిగినచో పప్పు, పళ్ళెం, పచ్చడి అని బిడ్డ వెదకి చెప్పును. చివరి ధ్వనిని పట్టించుట మూడవది. అది కొంచెము కష్టము, కావున పిమ్మట చేయవలెను.

హ్రస్వ దీర్ఘముల భేదము వినుట నాలుగవది. మన పెద్దలు హ్రస్వమునకు ఒక మాత్ర, దీర్ఘమునకు రెండు మాత్రలు అని కొలత పెట్టిరి. బిడ్డకు మాత్ర అను మాట అక్కరలేదు. రెండు చేతుల నడుమ దారము పట్టించి, 'పలు' అన్నప్పుడు చేతులు దగ్గరగాను, 'పాలు' అన్నప్పుడు దారము చాచియు పట్టించినచో చెవికి విన్నది చేతికి తెలియును. గది-గాది, కడ-కాడ, పట-పాట వంటి జంటలు ఇందుకు పనికివచ్చును.

ఈ ఆటలకు తల్లికి అక్షరము రానక్కరలేదు. మాట్లాడుట వచ్చిన ప్రతివారును ఆడించవచ్చును. ముసలమ్మ అడిగిన ప్రశ్నకు ఇది మొదటి జవాబు.

ఇచట ఒక ముఖ్య విషయము. బిడ్డతో ఇంటి మాటయే వాడవలెను. మేము ఈ పాఠములో మగ్గము, అన్నము అని వ్రాయుచున్నాము. ఇది పెద్దల వ్రాత. బిడ్డ ఇంటిలో వినునది మగ్గం, అన్నం. ఆ మాటనే విడదీయించవలెను. 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల భాషను నేర్చుకొని, ఆ పిల్లల కొరకు వారి భాషలోనే పుస్తకములు వ్రాసి, బడులు నడపిరి. బిడ్డ నోట నున్న భాషనుండి చదువు మొదలు కావలెనని ఆయన చేసి చూపిరి. ఎరుకల, యానాది, లంబాడి బిడ్డలున్న ఊళ్ళలో ఈ సంగతి మరింత జ్ఞాపకముంచుకొనవలెను.

రెండవ మెట్టు: చేయి

ఇప్పుడు అక్షరము చూపవచ్చును. యాబదియారు అక్షరములను ఒకేసారి చూపరాదు. గ, డ, ప, ల, క, త - ఈ ఆరింటితో మొదలుపెట్టుడు. వీనితోనే గడప, పలక, తల, కల, గడ, పడక, తడక, కలప, తలగడ, కడప అను మాటలు ఏర్పడును. గుణింతము లేదు, ఒత్తు లేదు. చాలవరకు బిడ్డ కండ్లయెదుట నున్న వస్తువులే. పిమ్మట ర, న, మ, వ చేర్చినచో నడక, పడవ, వల, మర, మడత వచ్చును. మహాప్రాణములైన ఖ, ఘ, ఛ, ఝ మొదలగునవియు, ఋ వంటివియు చివరకు నేర్పవచ్చును. చిన్నబిడ్డ మాటలలో అవి అరుదు.

ఇవి చేయు విధానము:

ఇసుక పళ్ళెము: నిజాంపట్నమునుండి చీరాల వరకు సముద్రతీరపు ఊళ్ళలో ఇసుకకు కొదవ లేదు. సన్నని ఇసుకను జల్లించి, కడిగి, ఎండబెట్టి, వెడల్పాటి పళ్ళెములో వ్రేలి మందమున పోయవలెను. పెద్దలు ఒకసారి వ్రాసి చూపగా, బిడ్డ దానిపై దిద్ది, ధ్వని పలికి, పళ్ళెమును కదలించి చెరిపి, మరల తానుగా వ్రాయవలెను. తప్పు వ్రాసినను ఒక కదలికతో పోవును. కాగితముపై కొట్టివేతవలె మిగులదు. అందుచేత బిడ్డకు జంకుండదు.

నూలు అక్షరములు: అట్టపెట్టెను జానెడు చదరపు ముక్కలుగా కోసి, ఒక్కొక్క ముక్కపై ఒక్కొక్క అక్షరమును పెద్దదిగా వ్రాయించవలెను. ఆ గీతపై గంజి గాని పిండిజిగురు గాని పూసి, పేనిన నూలును అంటించి ఆరబెట్టవలెను. వ్రాత ఎచట మొదలగునో అచట కుంకుమ బొట్టుతో గుర్తు పెట్టవలెను. బిడ్డ చూపుడువ్రేలు, నడిమివ్రేలు కలిపి బొట్టు నుండి బయలుదేరి, నూలు వెంబడి పోవుచు 'గ' యని పలుకవలెను. నేతగాండ్ర ఇండ్లలో తెగిన పోగులు, చిక్కుపడిన నూలు ఎప్పుడును ఉండును. కోసి పారవేయు తుంపులు ఇందుకు చాలును.

మట్టి అక్షరములు: తెలుగు అక్షరములు గుండ్రనివి. తడి మట్టిని తాడువలె పేని వంచినచో అక్షరము సులభముగా వచ్చును. డెల్టా ఊళ్ళలోని నల్లమట్టి ఇందుకు చక్కగా కుదురును. నీడను ఆరబెట్టి దాచుకొనవచ్చును.

గింజలు, ముగ్గు: నేలపై సుద్దతో వ్రాసిన అక్షరము వెంబడి చింతగింజలు పేర్చుట, ముగ్గుపిండితో అక్షరము పెట్టుట వ్రేళ్ళకు మంచి అభ్యాసము. అయితే చిన్నబిడ్డలు గింజలను నోటిలోను, ముక్కులోను, చెవిలోను పెట్టుకొందురు. మూడేండ్లలోపు పిల్లలున్న చోట గింజలు వాడరాదు. పెద్దపిల్లలకైనను పెద్దల కండ్లయెదుటనే ఇవ్వవలెను.

పోలికగల అక్షరములను ఒకే దినమున నేర్పరాదు. మ-య, ప-వ, న-స వంటి జంటలలో ఒకటి బాగుగా కుదిరిన తరువాతనే రెండవది చూపవలెను. ఇప్పుడు పిల్లలు ఫోనుపైన అక్షరములు చూచుచున్నారు. ధ్వని వినుటకు అది కొంత ఉపకరించును గాని, గాజుపై జారు వ్రేలికి 'గ' యు 'డ' యు ఒకే నునుపు.

మూడవ మెట్టు: గుణింతము

గుణింతమునకు కూడ చేతిపని గలదు. అట్టమీద తలకట్టు లేని హల్లును వ్రాసి, తలకట్టు, గుడి, కొమ్ము మొదలగు గుర్తులను వేరు ముక్కలుగా కోయవలెను. 'క' మీది తలకట్టును తీసి గుడి పెట్టినచో 'కి' యగునని బిడ్డ తన చేతితో తెలిసికొనును. అదే గుడిని 'ల'కు మార్చినచో 'లి', 'మ'కు మార్చినచో 'మి'. గుర్తు ఎక్కడికి పోయినను దాని ధ్వని మారదని బిడ్డ గ్రహించిన నాడు గుణింతము వచ్చినట్లే. హల్లు పడుగువంటిది; అచ్చు పేకవంటిది. పడుగు అదే యుండగా పేక మారినకొలది గుడ్డ రంగు మారునని నేతగాని బిడ్డకు వేరుగా చెప్పనక్కరలేదు.

వారమునకు ఒక గుర్తు చాలును. మొదట దీర్ఘము: పాట, మాట, తాత. పిమ్మట గుడి: గది, గిలక, చిలక. ఆపైన కొమ్ము: పులి, గుడి, ముసుగు. ప్రతి గుర్తుతోను బిడ్డ ఎరిగిన వస్తువునే చూపి, మాటను పేర్పించవలెను. గుర్తు పేరు పిమ్మట చెప్పవచ్చును.

నాలుగవ మెట్టు: ఒత్తులు

ఒత్తులనిన పిల్లలకు భయము. కాని ఒత్తులు మన ఇంటిలోనే యున్నవి. అమ్మ, అక్క, అన్న, అత్త, అవ్వ, అయ్య - బిడ్డ మొట్టమొదట నేర్చిన పిలుపులివి. ఆరు పిలుపులలో ఆరు వేర్వేరు ఒత్తులు గలవు. ఇంటిలోనివారిని వరుసగా పిలిపించి, ఒక్కొక్కరి పేర ఒక్కొక్క నూలు అట్ట చేయించినచో ఆరు ఒత్తులు ఆరు ముఖములతో జ్ఞాపకముండును.

చెవికి ఒత్తు తెలియుటకు గుడి-గుడ్డి, గడి-గడ్డి వంటి జంటలు పలికించవలెను. గ, చ, డ, ద, ప, బ వంటి వాని ఒత్తు ఆ అక్షరపు పోలికనే యుండును. త, న, మ, య, ర, ల ఒత్తుల ఆకారము మారిపోవును. కాబట్టి మొదటి జట్టును ముందు, రెండవ జట్టును వెనుక నేర్పుట మంచిది. మగ్గం, ముగ్గు, పప్పు, గడ్డి, ఎద్దు మొదటి జట్టులోనివి.

ఎంతసేపు? ఎట్లు?

దినమునకు పదునైదు నిమిషములు చాలును. దీపము పెట్టిన పిమ్మటనో, ఉదయము బడికి పోవుటకు ముందో ఒకే వేళను పాటించవలెను. బిడ్డ విసిగినచో ఆపివేయవలెను. కొట్టుట, పొరుగుబిడ్డతో పోల్చి చిన్నబుచ్చుట పనికిరాదు. బడిలో బిడ్డను కొట్టుటను 2009 విద్యాహక్కు చట్టము నిషేధించినది. ఇంటికి చట్టము రాకున్నను న్యాయమొక్కటే.

ఎంత ఆడించినను ధ్వనుల భేదము పట్టలేని బిడ్డను మొద్దు అని అనరాదు. చెవి సరిగా వినబడకపోవచ్చును; చూపు ఆనకపోవచ్చును. ఆరోగ్య కేంద్రమునకు తీసికొనిపోయి పరీక్ష చేయించవలెను.

"మా బిడ్డకు ఇంగ్లీషు రావలెను, తెలుగు అక్షరములతో ఏమి పని?" అని అడుగువారును గలరు. మాటను ధ్వనులుగా విడదీయుట, ధ్వనులను కలిపి మాటగా చేయుట ఒకసారి అలవడినచో అది వేరొక భాషకును తోడ్పడును. అలవడుటకు సులభమైన చోటు బిడ్డ ఎరిగిన భాషయే.

పంచాయతీ చేయదగిన పనులు

1992లో ఆమోదింపబడి 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములను పదునొకండవ షెడ్యూలులో చేర్చినది. ప్రాథమిక విద్య, వయోజన విద్య, గ్రంథాలయములు, స్త్రీశిశు సంక్షేమము వానిలోనివే. 2021 జులైలో కేంద్ర ప్రభుత్వము 'నిపుణ్ భారత్' పథకమును ప్రారంభించి, 2026-27 నాటికి ప్రతి బిడ్డయు మూడవ తరగతి ముగియునప్పటికి అర్థముతో చదువగలుగవలెనని గడువు పెట్టినది. గడువు ఢిల్లీలో పెట్టినను బిడ్డ ఉన్నది మన వీధిలో. కావున:

1. అంగన్వాడీకిని, ప్రాథమిక పాఠశాలకును జల్లించిన ఇసుక, మట్టి, పాత అట్టపెట్టెలు సమకూర్చుడు. చేనేత ఊళ్ళలో తుంపు నూలును సేకరింపుడు.

2. నూలు అక్షరముల జతలు కొన్ని తయారు చేయించుడు. పొదుపు సంఘముల స్త్రీలు ఒక సాయంకాలము కూర్చున్నచో వీధికొక జత సిద్ధమగును. వానిని పుస్తకములవలె ఇంటింటికి అరువిచ్చి, వారమునకు మార్చుచుండవలెను.

3. నెలకొకసారి తల్లులను, అవ్వలను అంగన్వాడీలో సమావేశపరచి, ధ్వని ఆటలను చేసి చూపింపుడు. ఉపన్యాసము వద్దు, వారిచేతనే ఆడింపుడు.

4. గ్రంథాలయమున్నచో చిన్నపిల్లల కొరకు పెద్ద అక్షరముల పుస్తకములు తెప్పింపుడు. పేరాలకు సమీపమున వేటపాలెములోని సారస్వత నికేతనము 1918లో గ్రామ యువకుల పూనికతో పుట్టినదే. నేడది రాష్ట్రమంతట పేరుగాంచిన గ్రంథాలయము.

5. గ్రామసభలో ఒకసారి పిల్లలచేత చదివింపుడు. వల్లింపు అడుగవద్దు. వారు ముందు చూడని పది చిన్న మాటలు చీటీలపై వ్రాసి ఇండు. చదివినవారిని మెచ్చుకొనుడు, చదువలేనివారిని సభలో నిలబెట్టక, వారి పేర్లు అంగన్వాడీ కార్యకర్తకును ఉపాధ్యాయునకును నెమ్మదిగా తెలియజేయుడు.

ఇవన్నియు పెద్ద ఖర్చు లేని పనులు. పదిమంది పూనుకొనవలెను, అంతియే. ఆ పూనికకు పేరాలయే సాక్షి. 1919లో చీరాల పేరాలలను పురపాలక సంఘముగా మార్చి పన్నులు పెంచినప్పుడు, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ప్రజలు 1921లో ఇండ్లు విడిచి, రామనగరము అను పేర పాకలు వేసికొని, సుమారు పదునొకండు నెలలు నివసించిరి. ఎండకు, వానకు, రోగమునకు ఓర్చిరి. అంతటి కష్టమును కలిసికట్టుగా మోసిన ప్రజల మనుమలు, మునిమనుమలు తమ బిడ్డల కొరకు ఒక పళ్ళెము ఇసుకను జల్లించలేరా?

మరల ఆ గడప యొద్దకు

ఆ దినమున మేము పేరాల ఇంటనే కొంతసేపు నిలిచితిమి. అట్టముక్క అడిగితిమి. ముసలమ్మయే నూలు పేని, మేము వ్రాసిన గీతపై గంజితో అంటించినది. ఆ చేతులకు అది అలవాటైన పని. గ, డ, ప మూడును అంటునప్పటికి ప్రొద్దు వాలినది. బాలిక వ్రేలితో తడుముచు ఒక్కొక్క ధ్వనిని పలికినది. మూడవసారి గొలుసును వదలి, మూడు ధ్వనులను కలిపి 'గడప' అన్నది. అని, తాను కూర్చున్న చోటును చూచుకొని నవ్వినది.

ఆ సాయంకాలముతో ఆమెకు చదువు వచ్చినదని మేము చెప్పుట లేదు. 'పలక' కొరకు మరునాడు మరల శ్రమపడియే యుండును. మూడేండ్లు వెనుకబడిన బిడ్డకు కొన్ని నెలల ఓపిక కావలెను. కాని ముసలమ్మ, అక్షరమ్ముక్క రాదన్న ఆమెయే, మిగిలిన అట్టను మడచి దూలము సందున దాచి, "రేపు తక్కినవి అంటిస్తాలే, ఎట్టా రాయాలో వాళ్ళ పంతులమ్మని అడిగిరా" అని మనుమరాలితో చెప్పుట మేము వింటిమి.

చర్చించుటకు ప్రశ్నలు

1. మన ఊరిలో మూడవ తరగతి పిల్లలలో ఎందరు ముందు చూడని పది మాటలను చదువగలరు? ఎప్పుడైనను చూచితిమా?

2. మన ఊరి వృత్తులనుండి అక్షరముల పనికి ఉపయోగపడు వస్తువులేవి? కుమ్మరి, వడ్రంగి, నేతగాడు, రైతు ఏమేమి ఇవ్వగలరు?

3. చదువురాని తల్లులకు ధ్వని ఆటలు చూపుటకు ఎచట, ఏ వేళ అనుకూలము?

4. కూలికి పోవు తల్లిదండ్రుల బిడ్డలతో సాయంకాలము పదునైదు నిమిషములు కూర్చుండగలవారు మన వీధిలో ఎవరు?